మా ఇంటికి జొన్న రొట్టె తిరిగొచ్చిన తీరు

సోలాపూర్‌లో ఉండి జొన్న రొట్టె తినని ఇల్లు మాది. ఈ మాట చెప్తే ఇక్కడి మరాఠీ దోస్తులు నమ్మరు. ఊరి చుట్టూ నల్లరేగడి, ఆ రేగడి నిండా జొన్న. ఏ చిన్న ఖానావళికి పోయినా కడక్ భాకరీ, శేంగా చట్నీ పెడతారు. పూర్వభాగంలో మా గల్లీలోనే పొద్దున ఆరింటికి నాలుగిళ్ల నుంచి రొట్టె కొట్టే చప్పుడు వినిపిస్తుంది. మా ఇంట్లో మాత్రం ఇరవై ఏళ్లకు పైగా ఆ చప్పుడు లేదు. కుక్కర్ విజిల్ ఒక్కటే.

2022 వానాకాలంలో బాపుకు చక్కెర జబ్బు బయటపడింది. అప్పటికి ఆయనకు అరవై రెండేళ్లు. మూడు నెలల సగటు చూపించే రక్త పరీక్షలో 8.9 వచ్చింది. డాక్టరు గోలీలు రాసి, నడవమని చెప్పి, చివరగా నన్ను చూసి, "పొద్దున చపాతీ, మధ్యాహ్నం తెల్లన్నం, రాత్రి మళ్లీ తెల్లన్నం అంటున్నారు. కాస్త ముడి ధాన్యం పెంచండి. సోలాపూర్‌లో ఉంటూ జొన్న తినడానికేం?" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఇంత చిన్న పనా అనుకున్నాను. రెండు కిలోల జొన్నపిండి ప్యాకెట్ కొని ఇంటికి తెచ్చాను.

బాపు ఆ ప్యాకెట్ చూసి ఒకటే మాట అన్నాడు. "నాకొద్దు. జొన్న రొట్టె నా కంచంల పెట్టకు."

అమ్మ ఇంకో మాట అంది. "మీ బాపు తింటడో తినడో తర్వాత సంగతి. కొట్టేదెవరు? చెప్పుడు అల్కగనే ఉంటది బిడ్డా."

ఆ రెండు మాటల వెనక ఏముందో తెలుసుకోవడానికి నాకు దాదాపు సంవత్సరం పట్టింది. మీ ఇళ్లల్లో కూడా ఎవరో ఒకరు డాక్టరు చీటీ పట్టుకొచ్చి "రేపటి నుంచి అందరం ఇదే తినాలి" అని ఉంటారు. నాలుగు రోజులకే ఆ పిండి పురుగు పట్టి ఉంటుంది. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు అమ్మ సంగతి చెప్తాను.

1877లో ఈ ఊళ్లో మొదటి నూలు మిల్లు మొదలైంది. ఆ తర్వాతి దశాబ్దాల్లో తెలంగాణ పల్లెల నుంచి పద్మశాలీలు గుంపులుగా ఇక్కడికి వచ్చారు. కరీంనగర్ దిక్కు నుంచి వచ్చిన మా ముత్తాత వాళ్లలో ఒకడు. మగవాళ్లది మగ్గం పని, తర్వాత పవర్‌లూమ్. ఆడవాళ్లది బీడీల పని. అమ్మ పదిహేనేళ్ల వయసు నుంచి బీడీలు చుట్టింది. రోజుకు వెయ్యి లెక్క. తునికాకు తడపాలి, కత్తిరించాలి, తంబాకు వేసి చుట్టాలి, దారం కట్టాలి. ఆ పనికి కూర్చునే లోపల ఏడుగురికి రొట్టెలు కొట్టాలి. మనిషికి మూడు చొప్పున ఇరవై ఒక్క రొట్టె.

జొన్న రొట్టె చపాతీ లాంటిది కాదు. గోధుమలో సాగే జిగురు ఉంటుంది. అందుకే ముద్ద చేసి పక్కన పెట్టొచ్చు, కర్రతో ఒత్తొచ్చు, ఎవరికి వీలున్నప్పుడు వాళ్లు కాల్చుకోవచ్చు. జొన్నలో ఆ జిగురు లేదు. మరిగే నీళ్లు పోస్తేనే పిండి కొంచెం పట్టు పట్టుకుంటుంది. ముద్దను అప్పటికప్పుడు అరచేతి మడమతో మెత్తగా రుద్దాలి, అప్పటికప్పుడే కొట్టాలి. ఆగితే ఎండుతుంది, అంచులు పగులుతాయి. అంటే పొయ్యి ముందు కూర్చున్న మనిషి చివరి రొట్టె దిగేదాకా లేవడానికి లేదు.

1990లలో బాపు పని చేసే కార్ఖానాలో టవల్ మగ్గాలు బాగా నడిచాయి. ఇంట్లోకి నాలుగు పైసలొచ్చాయి. పైసలతో పాటు సన్నబియ్యం, గ్యాస్ పొయ్యి, కుక్కర్ వచ్చాయి. మూడు విజిళ్లకు ఏడుగురి అన్నం తయారు. అమ్మకు పొద్దున గంటన్నర మిగిలింది. "ఆ దినం నా చేతులకు పెన్షన్ వచ్చినట్లు అయింది" అని ఇప్పటికీ అంటుంది. ముడి ధాన్యం మన వంటిళ్లలోంచి ఎందుకు పోయిందని అడిగితే ఫ్యాషన్ కోసం, నాగరికత కోసం అని తేలిగ్గా అంటుంటాం. మా ఇంట్లో అది పోయింది అమ్మ చేతులు నొచ్చి. ఇప్పుడు ఆమె వేళ్ల కణుపులు వాచి ఉంటాయి. నేను రెండు కిలోల పిండి తెచ్చి ఆ చేతుల ముందే పెట్టాను. ఆమె అడిగిన మాటలో తప్పేముంది?

నా భార్యది కూడా పొద్దున ఎనిమిదింటికి బయటపడే ఉద్యోగం. అందుకని కొట్టేది నేనే అని తేలింది.

మొదటి వారం నేను చేసినవి రొట్టెలు కావు, పగిలిన పటాలు. అమ్మ తలుపు దగ్గర కుర్చీ వేసుకొని చూసేది. చివరికి ప్యాకెట్ చేతిలోకి తీసుకొని, పిండి కొంచెం నోట్లో వేసుకొని ఉమ్మేసింది. "ఇది పాత పిండి. చేదు పట్టింది. దీంతోని నా అత్త వచ్చినా రొట్టె కాదు" అంది.

అప్పుడు తెలుసుకున్నది ఇది. ఏ గింజకైనా మూడు భాగాలుంటాయి. పైన తవుడు పొర, ఒక మూల మొలక, లోపల తెల్లటి పిండి. పీచు ఎక్కువగా తవుడులో ఉంటుంది. విటమిన్లు, మంచి కొవ్వు తవుడులోను, మొలకలోను ఉంటాయి. తెల్లబియ్యంలో, మైదాలో ఆ రెండు భాగాలూ పోయి లోపలిది ఒకటే మిగులుతుంది. అందుకే అవి నెలల తరబడి చెడకుండా ఉంటాయి. మొత్తం గింజను పట్టిస్తే మొలకలోని నూనె కూడా పిండిలో కలుస్తుంది. కొన్ని వారాలకు ఆ నూనె చెడి పిండి చేదెక్కుతుంది. అంటే నిల్వ ఉండకపోవడం జొన్నపిండి లోపం కాదు, అది మొత్తం గింజే అనడానికి గుర్తు. అందుకే మన పెద్దవాళ్లు పిండి దాచుకోలేదు, గింజ దాచుకున్నారు. వేపాకు వేసి కోఠీలో సంవత్సరానికి సరిపడా జొన్నలు పోసుకొని, వారానికి సరిపడా గిర్నికి పంపేవాళ్లు.

మేమూ అదే మొదలుపెట్టాం. ఇక్కడ యాసంగి జొన్న ఫిబ్రవరి, మార్చిలలో కోతకొస్తుంది. సెప్టెంబరు, అక్టోబరులలో విత్తితే రేగడి పట్టి ఉంచిన తేమ మీదనే చాలావరకు పెరుగుతుంది. మాల్దండి రకం మాది. దాని మేలు విత్తనం ఎం 35-1 ను 1930లలో మా జిల్లాలోని మొహోళ్‌లోనే ఎంపిక చేశారు. గింజ ముత్యంలా తెల్లగా, కొంచెం పసుపు ఛాయతో ఉంటుంది. పక్కనున్న మంగళవేఢను జొన్నల కొట్టమనే పిలుస్తారు, అక్కడి జొన్నకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఆ బజారు సరుకు ముందు పది కిలోలు తెచ్చాం. వారానికి రెండు కిలోలు గిర్నికి. గిర్నిలో ఒక జాగ్రత్త చెప్పింది అమ్మ: "గోధుమలు పట్టిన వెంటనే మనది వెయ్యనియ్యకు. ఎవరిదన్న జొన్న అయిపోయినంక వెయ్యమను." ఆ మిల్లు రాళ్ల మధ్య ముందు సరుకు కొంత మిగిలే ఉంటుంది కదా.

ఇంకో సంగతి కూడా అప్పుడే పట్టుకున్నాను. అమ్మ అలవాటు కొద్దీ పిండిని సన్న జల్లెడలో జల్లించి, పైన మిగిలిన పొట్టును ఆవుకు వేయమని పక్కన పెట్టేది. దేనికోసం ఈ తిప్పలన్నీ పడుతున్నామో అదే ఆవుకు పోతోంది! జల్లెడ మార్చాం. పెద్ద కన్నాల జల్లెడతో రాయీ రప్పా చూసుకోవడం, అంతే. రొట్టె కొంచెం గరుకుగా వస్తుంది. వారంలో నాలుక అలవాటు పడుతుంది. మీరు గోధుమ పిండి పట్టించినా, రాగులు పట్టించినా ఈ జల్లెడ ఒక్కసారి చూసుకోండి. ముడి ధాన్యం కొని, ఇంట్లోనే దాన్ని సగం తెల్లపిండి చేసుకునేవాళ్లు చాలామంది ఉన్నారు.

ఆర్నెల్లకు నా రొట్టెలు గుండ్రంగా రావడం మొదలైంది. నేను తింటున్నాను, నా భార్య తింటోంది, పిల్లలు నెయ్యి రాస్తే తింటున్నారు. ఎవరికోసం మొదలుపెట్టానో ఆయన మాత్రం ముట్టలేదు. నేను లెక్కలు చెప్పి చూశాను. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ఇచ్చిన పట్టికల ప్రకారం వంద గ్రాముల జొన్నలో పీచు సుమారు 10 గ్రాములు, మిల్లు పట్టిన బియ్యంలో 3 గ్రాములకు లోపే. పీచు ఉంటే తిన్నది నెమ్మదిగా అరుగుతుంది, చక్కెర ఒక్కసారిగా పైకి లేవదు, కడుపు తొందరగా ఖాళీ కాదు. బాపు అంతా విని, "నీ లెక్కలు మంచిగున్నయి. నాకు అన్నం పెట్టు" అన్నాడు.

నేను కోపంతో ఒక రోజు, "ఇప్పుడు పైసలున్నాయని పేదోళ్ల తిండి వద్దనిపిస్తోందా?" అన్నాను. బాపు కంచం పక్కకు జరిపి లేచి పోయాడు. ఆ రోజు అమ్మ నాతో మాట్లాడలేదు.

2023 జనవరిలో బాపు దోస్తు ఒకాయన తన చేనుకు పిలిచాడు. ఇక్కడ చలికాలంలో హుర్డా అని చేస్తారు. పాలు పోసుకొని ఇంకా మెత్తగా ఉన్న జొన్న కంకులను పిడకల నిప్పులో కాల్చి, వేడి మీదనే అరచేతుల్లో నలిపి, పొట్టు ఊది ఆ పచ్చి గింజలు తింటారు. పక్కన శేంగా చట్నీ, బెల్లం. బాపు వస్తాడనుకోలేదు, వచ్చాడు. నిప్పు దగ్గర కూర్చొని, ఎవరూ చెప్పకుండానే ఒక కంకి తీసుకొని నలిపాడు. నా కొడుకు చేతిలో గింజలు పోసి, "తిను. ఊస బియ్యం" అన్నాడు.

"హుర్డా కదా తాతా?" అన్నాడు వాడు.

"హుర్డా వీళ్లకు. మనకు ఊస బియ్యం. మా అమ్మ గట్లనే అంటుండె."

ఆ మాట నేను ఆయన నోట నలభై ఏళ్లలో ఎప్పుడూ వినలేదు. బాపమ్మ పుట్టింది తెలంగాణ పల్లెలో. ఆమెతో పాటు వచ్చిన మాటలు ఎన్నో ఆమెతోనే పోయాయనుకున్నాను. జొన్నల గట్క, ఊస బియ్యం, పేలాల పిండి. తిండి పోతే దాని పేరూ పోతుంది. మా పిల్లలకు భాకరీ తెలుసు, హుర్డా తెలుసు. అదే గింజకు మా ఇంట్లో ఇంకో పేరుండేదని తెలియదు.

తిరిగొచ్చేటప్పుడు చీకటి పడింది. బండి నేను నడుపుతున్నాను. వెనక కూర్చున్న బాపు తనంతట తానే మొదలుపెట్టాడు.

1972లో మహారాష్ట్రలో పెద్ద కరువు. సోలాపూర్ జిల్లాకు బాగా తగిలింది. పల్లెల్లో పైసా లేదు, చీర కొనేవాడు లేడు, తాత మగ్గం ఆగిపోయింది. బజారులో తెల్లజొన్న ధర చెయ్యి పెట్టనిచ్చేది కాదు. రేషన్ దుకాణంలో మైలో అనే ఎర్రజొన్న ఇచ్చేవాళ్లు. అమెరికా నుంచి వచ్చిన జొన్న అది, అక్కడ అప్పట్లో ఆ పంటలో ఎక్కువ భాగం పశువుల మేతకే పోయేది. అప్పుడు బాపుకు పన్నెండేళ్లు. తెల్లవారుజామున తాతతో పాటు వరుసలో నిలబడి ఆ సంచీ మోసుకొచ్చేవాడు.

"రొట్టె ఎర్రగ, ఇటుక రంగు. పొద్దున కొడితే పగటికే కట్టె లెక్క అవుతుండె. వాసన కూడ వేరే. అమ్మ ఎంత చేసినా మంచిగ కాకపోయేది. చెల్లెకు ఆరేండ్లు. దానికి గొంతు దిగకపోయేది. ఒక దినం నోట్ల పెట్టుకొని ఉమ్మేసింది. నాయిన దాన్ని ఒక్కటి కొట్టిండు. ఎన్నడూ పిల్లల మీద చెయ్యి ఎత్తని మనిషి. కొట్టి బయటికి పోయి అరుగు మీద కూసున్నడు."

కాసేపు ఏమీ అనలేదు.

"అది ఏడ్సుకుంట పండుకుంది. దాని రొట్టె కంచంల అట్లనే ఉండె. నేను తిన్న. లేపి తినిపియ్యాలె కదా. లేపలే. నాకు ఆకలైతుండె, తిన్న."

నేను బండి పక్కకు ఆపాను. ఏం చెప్పాలో తెలియలేదు. పేదోళ్ల తిండి వద్దనిపిస్తోందా అని నేనన్న మాట గుర్తొచ్చి తల ఎత్తలేకపోయాను. ఆయన నా భుజం మీద తట్టి, "నడుపు. చలి పెడుతుంది" అన్నాడు.

ఆ రాత్రి ఇంటికొచ్చాక నేను ఏమీ అడగలేదు. మూడు రోజుల తర్వాత నేను రొట్టె కొడుతుంటే బాపు వచ్చి పరాత్‌లోని పిండిని వేళ్లతో పట్టి చూశాడు. "ఇది తెల్లగ ఉందిరా" అన్నాడు. మాల్దండి బాపూ అన్నాను. ఒక రొట్టెలో సగం తుంచుకొని, పప్పుతో తిన్నాడు. ఎవరూ ఏమీ అనలేదు. మర్నాడు ఒక రొట్టె తిన్నాడు.

ఆయన వద్దన్నది జొన్నను కాదు. కానీ అది నాకు ఎలా తెలుస్తుంది? మన ఇళ్లల్లో ముడి ధాన్యం అంటే పెద్దవాళ్ల తరానికి ఆరోగ్యం కాదు. కొందరికి అది కరువు, కొందరికి ఒళ్లు నొప్పి, కొందరికి పక్కింటి పిల్లల ముందు దాచుకున్న టిఫిన్ డబ్బా. వాళ్లు కష్టపడి తెల్లన్నం దాకా వచ్చారు. మనం వచ్చి వెనక్కి నడవమంటున్నాం. ముందు ఎందుకు వదిలారో అడగాలి. అడిగి, చెప్పేదాకా ఆగాలి.

ఇక తిన్న తర్వాతి సంగతులు. ఇందులోనూ తప్పులు చేశాం.

బాపుకు నచ్చడం మొదలయ్యాక రాత్రి నాలుగు రొట్టెలు తినేవాడు. "మంచిదే కదా, ఎంత తింటే ఏంది" అనుకున్నాం. రెండు వారాలకు కడుపు ఉబ్బరం, పరీక్షలో చక్కెర తగ్గకపోగా కొంచెం పెరిగింది. డాక్టరు వివరంగా చెప్పాడు: జొన్నలోనూ ఎక్కువ భాగం పిండిపదార్థమే. పీచు వల్ల నెమ్మదిగా అరుగుతుందే తప్ప, నాలుగు రొట్టెల లెక్క నాలుగు రొట్టెలదే. పీచు ఒక్కసారిగా పెంచితే కడుపు తట్టుకోదు, నీళ్లు కూడా ఎక్కువ తాగాలి. అప్పటి నుంచి రాత్రి ఒకటిన్నర రొట్టె, కంచంలో సగం కూర, ఒక గిన్నె పప్పు. మధ్యాహ్నం అన్నం ఉంది, కానీ మునుపటి దాంట్లో సగం. గోలీలు ఆపలేదు, నడక ఆపలేదు. సంవత్సరం తర్వాత 8.9 కాస్తా 7.7 అయింది. ఇది జొన్న ఒక్కదాని పుణ్యమని నేను చెప్పను. జొన్న తింటే గోలీలు అక్కర్లేదని ఎవరైనా చెప్తే నమ్మకండి.

అదే 2023ను ఐక్యరాజ్య సమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. దుకాణాల్లో ఎక్కడ చూసినా మిల్లెట్ బిస్కెట్లు, మల్టీగ్రెయిన్ బ్రెడ్, జొన్న చిప్స్. నేనూ సంబరపడి కొన్ని కొన్నాను. తర్వాత వెనక్కి తిప్పి చదవడం నేర్చుకున్నాను. దినుసుల పట్టీలో ఏది ఎక్కువ బరువు ఉంటే అది ముందు రాస్తారు. మొదటి పేరు మైదా, రెండోది చక్కెర, ఎక్కడో చివర జొన్న ఉంటే అది జొన్న బిస్కెట్ కాదు. బ్రెడ్ గోధుమ రంగులో ఉంటే ముడి గోధుమ అనుకోనక్కర్లేదు, ఆ రంగు మాడ్చిన చక్కెరతోనూ వస్తుంది. కొర్రలు, సామలు లాంటివి కొనేటప్పుడు ఇంకో సంగతి చూడాలి. వాటికి పైన గట్టి పొట్టు ఉంటుంది, దాన్ని తీయక తప్పదు. కానీ తెల్లగా మెరిసేదాకా పాలిష్ పడితే తవుడు కూడా పోయినట్టే. జొన్న, సజ్జ, రాగులకు ఆ బాధ తక్కువ. కళ్లంలో నూర్చగానే గింజ పొట్టు వదిలి వస్తుంది, మొత్తంగా తినొచ్చు.

రొట్టె ఒక్కదాని మీదే బరువు వేస్తే ఇది నిలవదని కూడా తెలిసింది. వారంలో మూడు రోజులే నాకు రొట్టె కొట్టే తీరిక. మిగతా రోజులకు అమ్మ పాత దారి ఒకటి గుర్తు చేసింది, గట్క. జొన్నలు గిర్నిలో రవ్వ పట్టించి తెచ్చుకుంటాం. గ్లాసు రవ్వ రాత్రి నానబెట్టి, పొద్దున నాలుగు గ్లాసుల నీళ్లతో కుక్కర్‌లో పెడితే అయిపోతుంది. కొట్టే పని లేదు. వేడిగా పప్పుతో తినొచ్చు, చల్లారాక మజ్జిగ, ఉల్లిగడ్డ వేసి తినొచ్చు. వారంలో ఒక రోజు కడక్ రొట్టెలు కొంటాం. మా గల్లీ అవతల నలుగురు ఆడవాళ్లు కలిసి చేసి అమ్ముతారు, కరకరలాడుతూ చాలా రోజులు నిల్వ ఉంటాయి. వాళ్ల చేతి పనికి పైసలు ఇచ్చి తినడం అమ్మకు నచ్చింది. "మా కాలంల ఎవరిచ్చిన్రు" అంటుంది. సంక్రాంతి ముందు భోగి నాడు ఇక్కడివాళ్లు నువ్వులద్దిన సజ్జ రొట్టె, అన్ని కూరగాయలు కలిపిన కూర చేస్తారు. అదీ మా ఇంట్లో మళ్లీ మొదలైంది.

చపాతీ మానలేని పిల్లలకు మూడు వంతుల గోధుమ పిండిలో ఒక వంతు జొన్నపిండి కలుపుతున్నాం. అంతకంటే ఎక్కువ కలిపితే ఒత్తేటప్పుడు చిరుగుతుంది. చద్దికి బాగా పనికొస్తుంది.

ఆ సంవత్సరం రాఖీ పున్నానికి మా మేనత్త భివండీ నుంచి వచ్చింది. ఆ రోజే ఇక్కడ మార్కండేయ రథం. ఎక్కడెక్కడి పద్మశాలీలూ సోలాపూర్ చేరతారు. మధ్యాహ్నం భోజనాల వేళ బాపు లోపలికి వచ్చి, "రొట్టె కొట్టు. మొదటిది చెల్లెకు" అన్నాడు. పండుగ పూట పూరీలు చేస్తుంటే రొట్టెలేమిటని నా భార్య నా వంక చూసింది. నేను పొయ్యి ముందు కూర్చున్నాను.

పెంక మీద నుంచి తీసిన మొదటి రొట్టెను బాపు తనే కంచంలో పెట్టుకొని పోయి అత్త ముందు పెట్టాడు. నెయ్యి వేశాడు. ఆమె తింటూ మాట్లాడుతోంది, కోడలి గురించి, భివండీలో నడవని మగ్గాల గురించి. ఆయన ఆమె కంచాన్నే చూస్తున్నాడు. చివరికి అడిగాడు. "మైలో రొట్టె యాదికుందా?"

"ఎర్రది కదా? మస్తు గలీజుగ ఉంటుండె" అని నవ్వింది అత్త.

"నాయిన నిన్ను కొట్టింది?"

"నాయిన కొట్టిండా? నన్నా? ఎన్నడు అన్నా? నాకేం యాదికి లేదు." ఇంకో రొట్టె కావాలని చెయ్యి చాపింది. "ఇది మాత్రం మంచిగుంది. ఎవరు చేసిన్రు?"

యాభై ఏళ్లు ఆయన మోసింది ఆమెకు గుర్తే లేదు. బాపు ఏమీ అనలేదు. రెండో రొట్టె తేవడానికి లోపలికి వచ్చినప్పుడు ఆయన ముఖం చూశాను. తేలికపడ్డాడో, ఒంటరివాడయ్యాడో నేను చెప్పలేను. రొట్టె తీసుకొని పోయాడు.

మనలో హోసూరు దిక్కు వాళ్లకు రాగి సంగటి ఉంది, కోలారు వాళ్లకు ముద్ద ఉంది, బరంపురం వాళ్లకు చోడి అంబలి ఉంది. మీ ఇంటి గింజ ఏదో మీకు తెలుసు. మళ్లీ మొదలుపెట్టాలనుకుంటే ఒక పూటతో మొదలుపెట్టండి. గింజ కొని, కొద్ది కొద్దిగా పట్టించుకోండి. జల్లెడ చూసుకోండి. కొట్టే పని ఒక్కరి చేతుల మీద వేయకండి. ఇంట్లో ఎవరైనా వద్దంటే, పట్టిక తీసి చూపించే ముందు పక్కన కూర్చొని ఎందుకని అడగండి.

మా కోఠీలో ఈ ఏటి జొన్నలు నిండుగా ఉన్నాయి. వేపాకు నా కొడుకు వేశాడు. గిర్నికి వెళ్లేది ఇప్పుడు బాపే.